నాన్నగారి పద్మిని, వంగిన క్రోమ్ రిమ్

ప్రశ్న: కాకినాడ నుంచి ఒక పాఠకురాలు, పేరు ప్రచురించవద్దని కోరుతూ, వివరంగా ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది. ఆమె తండ్రిగారు 1979 మోడల్ ప్రీమియర్ పద్మిని కారును చివరి వరకూ స్వయంగా నడుపుకున్నారు. కంపెనీ నుంచి వచ్చిన రంగు వేసిన ఇనుప చక్రాలను ఎనభైల దశకంలో తీయించి, అదే 14 అంగుళాల కొలతలో క్రోమ్ పూత ఉన్న ఉక్కు రిమ్ములు నాలుగు వేయించారు. స్టెప్నీగా మాత్రం పాత నల్ల రిమ్మే ఉండిపోయింది. ఆదివారం పూట మెత్తటి బనియన్ గుడ్డతో ఆ నాలుగు రిమ్ములనూ తుడవడం ఆయన అలవాటు. నిరుడు ఆయన కాలం చేశాక, డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ కారు మీదనే కాబట్టి, అది కూతురి చేతికి వచ్చింది. ఇటీవల అన్నవరం వెళ్లి తిరిగి వస్తూ, పిఠాపురం సమీపంలో వాన నీళ్లు నిండిన గుంతలో ముందు ఎడమ చక్రం దిగబడింది. ట్యూబు పగలలేదు, కారు ఇంటికి చేరింది. తెల్లవారి చూస్తే రిమ్ము బయటి అంచు బొటనవేలి వెడల్పు మేర లోపలికి నొక్కుకుపోయి ఉంది, అక్కడ క్రోమ్ చిట్లి పెచ్చులు లేస్తోంది, వేగం యాభై దాటితే స్టీరింగ్ వణుకుతోంది.

చాలా కాలంగా కారు చూస్తున్న మెకానిక్, "గ్యాస్‌తో కాస్త కాల్చి సుత్తితో కొడితే ఒక పూటలో సరి" అన్నారట. ప్లేటింగ్ షాపు వారు, "ఒక్కదానికి చేస్తే మెరుపు కలవదు, నాలుగూ ఇవ్వండి" అన్నారట. భర్త అల్లాయ్ చక్రాలు వేయించమంటున్నారు. అమ్మగారేమో, "ఆయన వేయించినవి అవి, వాటిని మార్చవద్దు" అంటున్నారు. వచ్చే నెల తొలి సంవత్సరీకానికి డల్లాస్ నుంచి అన్నయ్య వస్తున్నారు. ఆయనకు ఈ కారంటే ప్రాణం, జరిగిన సంగతి ఇంకా చెప్పలేదు. రిమ్ము మళ్లీ నిజంగా సరి అవుతుందా, సరి చేసినది నమ్మి నడపవచ్చా, క్రోమ్ తిరిగి వస్తుందా, అన్నయ్య వచ్చేలోగా ఎవరికీ తెలియకుండా పని ముగించడం మంచిదా అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే మీ చుట్టూ నలుగురూ నాలుగు మాటలు చెబుతున్నట్లు కనిపించినా, వాళ్లు మాట్లాడుతున్నది రెండు వేర్వేరు మరమ్మతుల గురించి. రిమ్ము ఆకారం సరిచేయడం ఒకటి, దాని మెరుపు తిరిగి తేవడం మరొకటి. మొదటిది మీ ప్రాణానికీ, కారులో కూర్చునేవారి ప్రాణానికీ సంబంధించినది, దానిని వెంటనే తేల్చాలి. రెండవది మీ నాన్నగారి జ్ఞాపకానికి సంబంధించినది, దానికి గడువేమీ లేదు. సంవత్సరీకం తేదీని మనసులో పెట్టుకుని ఈ రెండింటినీ కలిపి ఒకే నిర్ణయంగా తీసుకోబోతున్నారు కాబట్టే మీకు ఇంత ఊపిరాడని స్థితి వచ్చిందని నాకు అనిపిస్తోంది.

ముందుగా, ఆ చక్రం మీద ఇక నడపకండి. ట్యూబు పగలలేదు, గాలి దిగడం లేదు అన్నది ధైర్యం ఇచ్చే విషయం కాదు. ట్యూబ్‌లెస్ టైరు అయితే అంచు వంగినప్పుడు చాలాసార్లు గాలి కారి హెచ్చరిస్తుంది. మీ కారులో ట్యూబు ఉన్నందున రిమ్ము ఎంత వంగినా గాలి నిలబడుతుంది, లోపల వంగిన అంచు ట్యూబును కొద్దికొద్దిగా కోస్తూ ఉన్నా మీకు తెలియదు. స్టెప్నీలో ఉన్న నల్ల రిమ్మును ముందుకు వేయించండి. అయితే దానికి ముందు రెండు రిమ్ముల వెడల్పూ ఒకటేనా అన్నది చూడాలి. చాలా రిమ్ముల మీద కొలత అచ్చు గుద్ది ఉంటుంది. కనిపించకపోతే టైరు విప్పించి, రెండు అంచుల మధ్య దూరం కొలిపించండి. ఎనభైలలో బజారులో అమ్మిన క్రోమ్ రిమ్ములు కొన్ని కంపెనీ రిమ్ము కంటే వెడల్పుగా ఉండేవి, చక్రాన్ని కాస్త బయటికి నెట్టేవి. ముందు ఇరుసు మీద ఒక వైపు ఒక కొలత, రెండవ వైపు ఇంకొక కొలత ఉంటే బ్రేకు తొక్కినప్పుడు కారు పక్కకు లాగుతుంది. కొలత తేడాగా ఉంటే నల్ల రిమ్మును వెనక్కి వేసి, వెనక ఉన్న క్రోమ్ రిమ్మును ముందుకు తెప్పించుకోండి. స్టెప్నీ టైరు ఏళ్ల తరబడి డిక్కీలో పడి ఉంటే దాని రబ్బరు పగుళ్లు కూడా చూడాలి.

ఆ తర్వాత తేలవలసిన ప్రశ్న, వంగింది రిమ్ము ఒక్కటేనా అన్నది. అంత గుంతలో దిగబడిన చక్రం ఆ దెబ్బను తనలోనే దాచుకోదు. స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్లకు, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్ముకు, చక్రం బిగించే హబ్బుకు కూడా కొంత పంచుతుంది. దీనిని తేల్చడానికి తేలికైన మార్గం ఉంది. మంచి చక్రాన్ని ముందు ఎడమ వైపు వేసి, అదే రోడ్డు మీద అదే వేగంతో నడిపి చూడండి. వణుకు పూర్తిగా పోతే దోషం చాలావరకు రిమ్ముదీ టైరుదీ అని అర్థం. కొంతైనా మిగిలితే హబ్బునూ స్టీరింగ్ లింకులనూ చూడనిదే రిమ్ము మీద డబ్బు పెట్టకండి. ఏది ఎలా ఉన్నా అలైన్‌మెంట్ ఒకసారి చేయించాలి. వంగిన రిమ్ము మీది టైరును విప్పించి లోపలి గోడను చేత్తో తడిమి చూడమనండి. గుంత దెబ్బకు లోపలి దారాలు తెగిన చోట పక్క గోడ ఉబ్బుతుంది. అలాంటి టైరును పంక్చర్ షాపులో ఎంత నచ్చజెప్పినా మళ్లీ వాడవద్దు.

ఇప్పుడు రిమ్ము సంగతి. ఉక్కు రిమ్ము వంగితే తిరిగి సరి అవుతుంది, ఆ విషయంలో మీరు దిగులు పడనక్కరలేదు. అల్లాయ్ రిమ్ము దెబ్బ తింటే చిట్లే స్వభావం ఎక్కువ. రిమ్ములకు వాడే మెత్తటి ఉక్కు వంగుతుంది, మళ్లీ మెల్లగా నొక్కితే వెనక్కి వస్తుంది. కాని ఎంత వంగింది, ఎక్కడ వంగింది అన్నది కంటితో చెప్పే మాట కాదు. టైరు తీసేసిన రిమ్మును హబ్బుకే బిగించి, డయల్ గేజ్ (కొద్దిపాటి కదలికనూ ముల్లుతో చూపే కొలత పరికరం) మొనను టైరు అంచు లోపల కూర్చునే గట్టుకు ఆనించి, చక్రాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పాలి. గట్టు పక్కకు ఎంత ఊగుతోంది, పైకీ కిందికీ ఎంత కదులుతోంది అని రెండు కొలతలు విడివిడిగా తీసుకోవాలి. కంటికి కనిపించే బయటి పెదవి మీద గేజ్ పెట్టి, "ఇంతే కదా" అనేవారు ఉంటారు; టైరు కూర్చునేది ఆ పెదవి మీద కాదు, లోపలి గట్టు మీద. ఉక్కు రిమ్ములకు సాధారణంగా ఒక మిల్లీమీటరు, దానికి కాస్త పైన ఉన్న తేడాను ఒప్పుకుంటారు. రెండు, మూడు మిల్లీమీటర్లు కనిపిస్తే బెండ్ తీయించక తప్పదు. డయల్ గేజ్ లేని చోట కూడా, ఒక స్టాండుకు మేకు కట్టి దాని మొనను గట్టుకు దాదాపు తగిలేలా నిలబెట్టి చక్రం తిప్పితే, సందు ఎక్కడ పెరుగుతోందో ఎక్కడ తగ్గుతోందో మీరే చూడవచ్చు. ఆ చోట్లను సుద్దతో గుర్తు పెట్టించండి.

బెండ్ తీయకముందే పగులు ఉందేమో చూడాలి. పాత లేత్ షాపుల్లో అందరికీ తెలిసిన పరీక్ష ఇది: వంగిన చోట రిమ్మును శుభ్రంగా తుడిచి ఆరబెట్టి, ఒక వైపు సుద్దపొడి పలుచగా రాసి, రెండవ వైపు కిరోసిన్ పూసి కొంతసేపు వదిలేస్తారు. ఉక్కు లోపల పగులు రెండో వైపుకు చేరి ఉంటే తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీత పొడుస్తుంది. క్రోమ్ మీద కనిపించే చిట్లులన్నీ ఉక్కు పగుళ్లు కావు, పూత మాత్రమే చిట్లి ఉండవచ్చు. అందుకే ఈ పరీక్ష అవసరం. పూర్తిగా ఆర్‌పార్ కాని పగుళ్లను ఇది పట్టలేదు కాబట్టి, మంచి ఫ్యాబ్రికేషన్ షాపు అందుబాటులో ఉంటే డై పెనెట్రాంట్ పరీక్ష (పగుళ్లలోకి రంగు ద్రవం దూరేలా చేసి వాటిని చూపే పరీక్ష) చేయించడం ఇంకా మేలు. పగులు కనిపిస్తే, ముఖ్యంగా టైరు కూర్చునే గట్టు దగ్గర, బిగింపు రంధ్రాల మధ్య, లేదా మధ్య పళ్లెం రిమ్ముకు అతికిన చోట కనిపిస్తే, ఆ రిమ్ము ఇక రోడ్డు మీదకు రాకూడదు. వెల్డింగ్ చేసి ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీ నాన్నగారి రిమ్మే అయినా సరే, అప్పుడు దాని చోటు ఇంట్లోనే.

మీ మెకానిక్ చెప్పిన గ్యాస్ పద్ధతికి నేను పూర్తిగా వ్యతిరేకం. ఉక్కు ఎర్రగా కనిపించేసరికి దాని వేడి 600 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ చేరుతుంది. అంతకన్నా చాలా ముందే క్రోమ్ పసుపుగా, తర్వాత నీలంగా మారిపోతుంది, కింద ఉన్న నికెల్ పట్టు వదులుతుంది. వంగిన జానెడు చోటే కాదు, చుట్టుపక్కల బాగున్న పూత కూడా పాడవుతుంది. పైగా కాలిన చోట ఉక్కు మెత్తబడి, సుత్తి దెబ్బకు పలుచబడుతుంది. ఆయన మీ నాన్నగారి కాలం నుంచి కారు చూస్తున్న మనిషి కాబట్టి ఆయన్ను నొప్పించకుండానే ఈ మాట చెప్పవచ్చు: "మిగతా పనంతా మీరే చూడండి, ఈ రిమ్ము మాత్రం కాల్చకుండా ప్రెస్సు మీద తీయిద్దాం, మీరే దగ్గరుండి చూడండి" అనండి. దగ్గరుండి చూసే మనిషి ఉండటం మీకూ మంచిదే.

చల్లగా ఉండగానే హైడ్రాలిక్ ఒత్తిడితో నొక్కి బెండ్ తీసే యంత్రాలు ఇప్పుడు అల్లాయ్ చక్రాల పుణ్యమా అని పెద్ద ఊళ్లన్నింటిలోనూ వచ్చాయి. కాస్త దూరమైనా, మీకు విజయవాడ ఆటోనగర్ ఉంది. రిమ్మును మధ్య రంధ్రాల ఆధారంగా గట్టిగా బిగించి, ఇనుము నేరుగా తగలకుండా నడుమ చెక్క దిమ్మో నైలాన్ దిమ్మో పెట్టి, కొద్దికొద్దిగా నొక్కాలి. ఉక్కుకు కొంత వెనక్కి లాగే గుణం ఉంటుంది కాబట్టి కావలసిన చోటు కంటే వెంట్రుక వాసి ఎక్కువ నొక్కి వదులుతారు, వదిలిన ప్రతిసారీ గేజ్ చూస్తారు. ఒకే చోట ముందుకూ వెనక్కూ పదేపదే వంచితే ఉక్కు అలిసి పగులుతుంది. అందువల్ల తొందర లేని మనిషినే ఎంచుకోండి. పని అయ్యాక మీ కళ్ల ముందే గేజ్ పెట్టి తిప్పి చూపించమని ముందుగానే మాట తీసుకోండి. ఆ కొలతలు కాగితం మీద రాయించుకోండి. సరిగా తీసిన రిమ్మును, పగులు లేదని తేలాక, నమ్మి నడపవచ్చు.

ఆకారం ఇంతటితో తేలింది. ఇక మెరుపు.

క్రోమ్ అని మనం పిలిచే మెరుపులో నిజమైన క్రోమియం పొర అర మైక్రాను కూడా ఉండదు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు). దాని కింద ఉన్న నికెలే అసలు అందం, అసలు రక్షణ. మంచి పనిలో దానికి కింద రాగి కూడా ఉంటుంది. క్రోమియం చాలా గట్టిది, కాని వంగదు. గోడ కదిలితే సున్నం పెచ్చు ఊడినట్లు, ఉక్కు కదిలిన చోట అది చిట్లుతుంది. రిమ్మును ఎంత చక్కగా సరిచేసినా ఆ చిట్లిన చోటు చిట్లినట్లే ఉంటుంది. సరిచేసేటప్పుడు ఇంకాస్త లేస్తుంది కూడా. ఆ చోటుకు మాత్రమే అతుకు వేసినట్లు పూత వేయడం రిమ్ము మీద నిలిచే పని కాదు. రిమ్ము మొత్తానికీ పాత పూత తీసి, గీతలు పోయేలా సాన పట్టి, రాగి, నికెల్, క్రోమ్ వరుసగా మళ్లీ ఎక్కించాలి. అంటే, అమ్మా, మీ నాన్నగారు ఆదివారాలు తుడిచిన ఆ పూత ఆ రిమ్ము మీద ఇక ఉండదు, ఆయన వేయించిన ఉక్కు మాత్రం ఉంటుంది. ఈ విషయం మీ అమ్మగారికి పని అయిన తర్వాత కాకుండా ముందే తెలియాలి.

ప్లేటింగ్ షాపు వారి మాటలో నిజం ఉంది. కొత్త క్రోమ్‌కూ నలభై ఏళ్ల క్రోమ్‌కూ మెరుపులో తేడా కనిపిస్తుంది. అయితే నాలుగూ ఇవ్వాలన్నది ఒక్కటే దారి కాదు. కారు పక్కన నిలబడి చూడండి: ఒకేసారి కళ్లకు కనిపించేది ఒక వైపున్న రెండు చక్రాలే. వంగిన రిమ్మునూ, మిగతా మూడింటిలో పూత ఎక్కువ దెబ్బతిన్న మరొక దానినీ కలిపి రెండింటికి పూత వేయించి, ఆ జంటను ఎడమ వైపు పెట్టుకుంటే, కుడి వైపు మీ నాన్నగారి చేతి కింద మెరిసిన రెండూ తాకకుండా మిగులుతాయి. నన్ను అడిగితే నాకు నచ్చిన మార్గం ఇదే. ఖర్చు సగం, అమ్మగారి మాటకూ చోటు ఉంటుంది. దీనిలో ఇబ్బంది, ఇకపై చక్రాలను ఎడమ నుంచి కుడికి మార్చుకోకుండా, ఆ వైపుననే ముందుకూ వెనక్కూ మార్చుకోవాలి.

నాలుగింటికీ వేయిస్తే కారు కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది, కాని బాగున్న మూడు రిమ్ములను ఆమ్లంలో ముంచే సాహసం చేస్తున్నట్లే. ఎందుకో చెబుతాను. ఉక్కు రిమ్ములో మధ్య పళ్లెమూ చుట్టు వలయమూ అతికిన చోట సన్నటి సందు ఉంటుంది. శుభ్రం చేసే ఆమ్లం ఆ సందులోకి దూరి, కడిగినా పూర్తిగా రాకుండా నిలిచిపోతే, కొన్ని నెలల తర్వాత ఆ అతుకు నుంచి ఎర్రటి తుప్పు నీరు కొత్త క్రోమ్ మీదకు కారుతుంది. అందువల్ల షాపు వారిని రెండు సంగతులు అడగండి: ఆమ్లం తర్వాత క్షారంతో కడిగి, వేడిగా ఆరబెడతారా, బిగింపు రంధ్రాల చుట్టూ ఉండే వాలు మీద పూత పడకుండా మూసి ఉంచుతారా. ఆ వాలు మీద మందంగా పూత పడితే, నట్టు బిగించినప్పుడు అది నలిగి, తర్వాత బిగువు వదులవుతుంది. చక్రాన్ని బిగించే నట్లకూ బోల్టులకూ కూడా మెరుపు కోసం అక్కడే పూత వేయించుకోకండి. గట్టి ఉక్కుతో చేసిన వాటిలోకి పూత వేసేటప్పుడు హైడ్రోజన్ చేరి పెళుసుబారుస్తుంది, తర్వాత పద్ధతిగా వేడి చేసి దానిని వదిలించకపోతే విరిగే ప్రమాదం ఉంది. రిమ్ముల మెత్తటి ఉక్కులో ఆ భయం తక్కువ. ఇక ఇంట్లోనే కిట్టు కొని క్రోమ్ చేసుకోవచ్చన్న సలహాలు విన్నా చెవిన పెట్టకండి, ఆ ద్రావణంలోని ఆరు సంయోజకతల క్రోమియం క్యాన్సర్ కారకం. స్ప్రే డబ్బాలో వచ్చే క్రోమ్ రంగు, పక్కన మూడు అసలు క్రోమ్ రిమ్ములు ఉండగా, బూడిద రంగులా తేలిపోతుంది.

ప్రస్తుతానికి ఏ పూతా వేయించకుండా ఉండటం కూడా మార్గమే. బెండ్ తీయించిన రిమ్ము మీద లేచిన పెచ్చులను మాత్రమే తీసి, బయటపడిన ఉక్కుకు ప్రైమరు, దాని మీద వెండి రంగు వేసి, దానిని స్టెప్నీగా ఉంచి, నల్ల రిమ్మును చక్రంగా నడుపుకోవచ్చు. చూపుకు ఒక చక్రం నల్లగా ఉంటుంది. సంవత్సరీకం రోజుకు కారు అలా ఉంటే తప్పేమిటో నాకు తోచడం లేదు. తొందరలో నాసిరకం పూత వేయిస్తే, దానిని తీసి మళ్లీ వేయించాల్సి వచ్చిన ప్రతిసారీ ఉక్కు కొంత అరుగుతుంది.

అదే తరహా పాత రిమ్ము దొరుకుతుందేమో వెతకడం మరొక దారి. పద్మినులు బొంబాయి కుర్లాలోని కర్మాగారంలో తయారయ్యాయి, ఆ నగరంలో టాక్సీలుగా 2023 వరకూ తిరిగాయి, అందుచేత వాటి పాత సామాను కోసం అక్కడి చోర్ బజారులోనూ కుర్లాలోనూ వెతకడం ఇంకా వృథా కాదు. కాని దొరికిన రిమ్మునూ పైన చెప్పిన గేజ్ పరీక్షకు నిలబెట్టాల్సిందే. ఇంకొకరు గుంతలో వంచిన రిమ్మును మెరుపు చూసి కొనుక్కురావద్దు.

మీ వారు చెప్పిన అల్లాయ్ చక్రాల ఆలోచన కారును రోజూ నడిపేవారికి చెడ్డది కాదు. అయితే రంధ్రాల వరుస, మధ్య రంధ్రం, చక్రం ఎంత లోపలికి కూర్చుంటుంది అన్నవి మూడూ పద్మినికి సరిపోవాలి. ఏదో ఒక విధంగా పట్టేలా రంధ్రాలు కోసి బిగించేవారు ఉంటారు, అది ఒప్పుకోదగ్గ పని కాదు. ఆయన మాటలో మీ క్షేమం గురించిన ఆందోళన ఉంది; గేజ్ కొలతల కాగితం చూపిస్తే ఆ ఆందోళన చాలావరకు తీరుతుంది.

అన్నయ్యగారి సంగతి. దాచి ముగించాలని మీరు అనుకోవడం వెనక, కారును నాన్నగారంత జాగ్రత్తగా చూసుకోలేకపోయానన్న బాధ ఉందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. చీకట్లో నీళ్లు నిండిన గుంత ఎవరికీ కనిపించదు. దాచిపెడితే, ఆయన కారు ఎక్కిన మొదటి రోజే కొత్త మెరుపు చూసి అడుగుతారు. అప్పుడు చెప్పేది సంజాయిషీలా ఉంటుంది. ఇప్పుడే చెబితే కొంత నొచ్చుకోవచ్చు, ఫోనులోనే నాలుగు సలహాలు ఇవ్వవచ్చు, కాని పూత విషయంలో నిర్ణయం ముగ్గురిదీ అవుతుంది. ఈ రెండింటికీ మధ్య ఒక పద్ధతి ఉంది: బెండ్ తీయించి, కొలతల కాగితం చేతికి వచ్చిన రోజున ఫోను చేసి, "ఇలా జరిగింది, ఆకారం సరి అయింది, పూత సంగతి నువ్వు వచ్చాక అమ్మతో కూర్చుని మాట్లాడదాం" అని చెప్పడం. ఆందోళన పెట్టకుండా నిజం చెప్పినట్లవుతుంది. ఏది మీ అన్నాచెల్లెళ్ల తీరుకు సరిపోతుందో మీకే బాగా తెలుసు.

సరి అయిన రిమ్మును తిరిగి వేసే రోజున గట్టు మీద తుప్పు లేకుండా శుభ్రం చేయించి, లోపల ట్యూబుకు గుచ్చుకునే పెచ్చు ఏదీ మిగలలేదని వేలితో తడిమి చూసి, కొత్త ట్యూబు వేయించండి. టైరుతో కలిపి బ్యాలెన్సింగ్ చేయించండి. నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. యాభై, అరవై కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి స్పానరు పట్టి చూడాలి. మిగిలిన రిమ్ముల మీద చుక్కలు చుక్కలుగా తుప్పు ఉంటే, వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ను నలిపి నీళ్లలో తడిపి మెత్తగా రుద్దండి, గీత పడకుండా పోతుంది. ఆ తర్వాత కార్ల మైనం పలుచగా పట్టించండి. చక్రాలు కడగడానికి అమ్మే ఆమ్లపు ద్రావణాలు వాడవద్దు. కాకినాడలో సముద్రపు గాలి ఉప్పగా ఉంటుంది కాబట్టి, వాన కురవని రోజుల్లోనూ రిమ్ములను మంచినీటితో కడిగి పొడిగా తుడవాలి.